గురువమ్మ నోరు మూయించిన వారం

నవంబర్ 4, సోమవారం

ఈ రోజు నుంచి నేను న్యాయమూర్తిని. మా దీవిలో, మిడిల్ పాయింట్‌ సెంటర్లో మొబైల్ షాపు మీది మేడ నా కోర్టు.

చేపల బోట్లకు బిగించే ట్రాకర్ డబ్బాలు మా కంపెనీవి. బోటు ఎక్కడుందో డబ్బా మా సర్వర్‌కి చెబుతుంది, సర్వర్ దాన్ని యాప్‌లో అందరికీ పచ్చ చుక్కగా చూపిస్తుంది. ఆ సర్వరూ డబ్బాలూ సరిగా ఉన్నాయో లేదో కాపలా కాసే సాఫ్ట్‌వేర్లు రెండు ట్రయల్‌కి వచ్చాయి. ఏది కొనాలో తేల్చి రిపోర్ట్ రాయమన్నాడు మా ఓనర్ గోపీచంద్ భయ్యా. బీటెక్ చదివినందుకు ఇన్నాళ్లకు ఒకరు నా అభిప్రాయం అడిగారు.

మొదటిదానికి మౌనిబాబా అని పేరు పెట్టాను. సర్వర్ చస్తే తప్ప నోరు విప్పదు. రెండోది గురువమ్మ. బతు బస్తీలో మా పక్కింటావిడ పేరు. పిల్లి గోడ దూకినా వీధంతా వినిపిస్తుంది.

నవంబర్ 6, బుధవారం

వాన. నెట్ పోయింది, గురువమ్మ అలర్ట్. నెట్ వచ్చింది, అలర్ట్. ఏసీ ఆగింది, సర్వర్‌కి ఒళ్లు కాలుతోందని అలర్ట్. భోజనం మధ్యలో కూడా భయ్యా ఫోన్ మోగుతూనే ఉంది. అరే యార్, ఇది సాఫ్ట్‌వేరా, మా అత్తగారా అన్నాడు.

మౌనిబాబాకి పూర్తి మార్కులు.

నవంబర్ 8, శుక్రవారం

గురువమ్మ కొత్త ఫిర్యాదు. రెండు డబ్బాలు ఒకే చోట ఉన్నాయట, ఒకే వేగంతో కదులుతున్నాయట. ఒకటి మల్లేశు బోటుది, రెండోది మా చిరంజీవి మామయ్య బోటుది. స్నేహితులు కలిసి తిరిగినా ఓర్వలేకపోతోంది. ఇలాంటివి చూస్తే కస్టమర్ భాగ్ జాయేగా, పారిపోతాడు, సంగతేంటో కనుక్కో అన్నాడు భయ్యా.

నవంబర్ 10, ఆదివారం

జంగ్లీఘాట్‌లో మామయ్య ఇల్లు. కామమ్మత్త చేతి సురమై చేప పులుసు. మూడోసారి వడ్డించుకుంటూ విచారణ మొదలుపెట్టాను.

మామయ్య పడీపడీ నవ్వాడు. ఆ పక్క బోటు రాముడుగాడు మీ యాప్‌లో నా చుక్క సూసుకుని ఎనకాలే వచ్చేస్తన్నాడురా అల్లుడా, నాను ఎతికి పట్టుకున్న చోటు ఆడికెందుకు సూపించాలి అన్నాడు. అందుకని డబ్బా ఊడదీసి మల్లేశు బోటులో పెట్టేస్తున్నాడట. మల్లేశు ఒడ్డుకు దగ్గర్లో వేటాడతాడు. మామయ్య ఒంటరిగా ఇంకెక్కడికో పోతాడు.

ఎక్కడికి మామయ్యా అంటే, పెళ్లానికే సెప్పనేదు, నీకు సెప్తానేటి అన్నాడు. చేపలున్న చోటు పైకి చెబితే చేప లేచిపోతుందని వాళ్ల నాన్న కాలం నుంచీ నియమమట. సెప్పినా ఇనే తీరిక నాకేది అంది అత్త.

నిజం రాస్తే డబ్బా ఊడదీసినందుకు మామయ్య లైసెన్స్ పోతుంది. పైగా పులుసు తిన్నాను.

నవంబర్ 11, సోమవారం

గురువమ్మను మ్యూట్ చేశాను. రిపోర్ట్‌లో ‘ఫాల్స్ అలార్మ్’ అని రాశాను. ఇంగ్లీషులో ఏదైనా గౌరవంగానే ఉంటుంది.

నవంబర్ 12, మంగళవారం

మౌనిబాబా గెలిచాడు. భయ్యా సమోసాలు తెప్పించాడు. మామయ్య వేటకెళ్లాడు.

నవంబర్ 14, గురువారం, మధ్యాహ్నం

తుఫాను హెచ్చరిక. బోట్లన్నిటినీ వెనక్కి రమ్మన్నారు. ఇంకా సముద్రంలో ఎవరున్నారో చెప్పమని కంట్రోల్ రూమ్ అడిగింది. చుక్కలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మామయ్య పేరు ప్రత్యేకంగా వెతికాను. జంగ్లీఘాట్ జెట్టీలో, పచ్చగా. హమ్మయ్య అనుకున్నాను. అందరూ వచ్చేశారని నేనే మెయిల్ పంపాను.

డబ్బా సంగతి ఈ ఆఫీసులో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఆ చుక్క చూడగానే నేనూ నమ్మేశాను.

సాయంత్రం

అత్త ఫోన్. మామయ్య ఇంకా రానేదురా అంది. వచ్చేశాడత్తా, జెట్టీలో ఉన్నాడు అన్నాను. జెట్టీలోనే నిలబడున్నానురా బాబూ, మల్లేశు బోటొకటే ఉంది అంది.

నవంబర్ 15, శుక్రవారం

భయ్యాకి అంతా చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఎటువైపు వెతకాలో చెప్పమంది కంట్రోల్ రూమ్. మల్లేశుని అడిగాను. ఎనకాలే వస్తాడనుకున్నాను అని మాత్రం అంటున్నాడు. అప్పుడు రాముడు వచ్చాడు. సగం దారి నాకు తెలుసు, సగంలో నన్ను తప్పించుకునేవాడు అన్నాడు తల దించుకుని. గాలి తగ్గగానే తన బోటు తీస్తానన్నాడు. గాలి తగ్గడం లేదు.

మల్లేశు బోటులో డబ్బా చూశాను. గోనెసంచిలో చుట్టి ఉంది. సంచి విప్పితే చిన్న లైటు, వెలిగి ఆరుతూ. మా భాషలో దాన్ని హార్ట్‌బీట్ అంటాం.

నవంబర్ 17, ఆదివారం

గాలి తగ్గాక వెళ్లిన రాముడి బోటూ వెతికే బోట్లూ ఖాళీగా తిరిగొచ్చాయి. రేపు మళ్లీ వెళతారట.

గురువమ్మ మ్యూట్ తీసేశాను. ఒక్కటే అలర్ట్. చిరంజీవి బోటు, బ్యాటరీ అయిపోతోంది.

ఫోన్ చేసి చెబితే, ఆ చుక్కని ఆరిపోనీకురా అంది అత్త. ఛార్జర్ పట్టుకుని జెట్టీకి వెళుతున్నాను.