పికప్‌కు ఊపిరాడనివ్వండి

ఏమండీ,

నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి. ఈ పూట టైల్స్ లోడు మా అన్నయ్య వ్యాన్‌లో తీసుకెళ్తున్నా.

ముందు ఆ డీజిల్ పంపు స్క్రూను మళ్లీ పాత పెయింటు గుర్తు దగ్గరికి తిప్పండి. బలం పెంచుతానని డీజిల్ పెంచారు, గాలి సంగతి గాలికొదిలేశారు. నిన్న గుట్ట దారి ఎక్కుతుంటే ఎంత నల్లటి పొగో! వెనక స్కూటర్ల వాళ్ల ముఖాలన్నీ మసి. తిట్లు తిన్నది నేను, మీరు కాదు.

కొత్త ఎయిర్ ఫిల్టరు సీటు మీద పెట్టాను, వేయండి. ఇంజినుకు గాలి తోసే టర్బో గొట్టాల క్లిప్పులు వదులయ్యాయేమో చూసి బిగించండి. అప్పటికీ లోడుతో ఆయాసపడితే పంపు మెకానిక్‌తో డీజిల్ కాస్త పెంచిద్దాం. కాస్తంటే కాస్తే. అదీ సైలెన్సరు వేడి చూపించే మీటరు పెట్టించాకే. ముసలి ఇంజినండీ, దానిచేత కుర్రవేషాలు వేయించకండి.

గుట్ట దగ్గర నేను అవస్థ పడుతున్నాననే ఇదంతా చేశారని తెలుసు. అందుకే ఇంతటితో వదిలేస్తున్నా. టీ ఫ్లాస్కులో ఉంది.

అన్నట్టు, వారం కింద ఫిల్టరు దులిపినప్పుడు దుమ్ము ఇంజిన్లోకి పోకుండా ఫిల్టరు డబ్బా గొట్టంలో గుడ్డ కుక్కారు చూడండి, మళ్లీ తీయలేదు. బండికి అప్పట్నుంచే ఊపిరాడటం లేదు. ఇప్పుడే లాగాను. నేనెక్కడో పారేశానని నన్ను సాధిస్తున్నారే, ఆ నీలం తువ్వాలే అది. బకెట్లో వేశాను. మీరే ఉతుక్కోండి.