వెనక సీటు కవర్లు విప్పుటకు అనుమతి గురించి

వాహన తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

మా పెద్దమ్మాయికి పాప పుట్టిందండీ! పెళ్ళయిన పదకొండేళ్ళకు! బరువు కాస్త తక్కువే గానీ గొంతు మాత్రం లారీ హారన్.

విషయం: చిన్న కారు వెనక సీటులో పసిపాప సీటు కదలకుండా బిగించుట, మరియు నేను కుట్టిన కవర్లు నేనే విప్పుట గురించి.

తమకు సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా, నేను ముప్పై రెండేళ్ళుగా కారు సీట్లకు కవర్లు కుడుతున్నాను. ఐదో తరగతి వరకే చదివాను, తప్పులుంటే మన్నించాలి. ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇది మూడో కాగితం.

1. పాపను ఈరోజే ఇంటికి పంపవలసి ఉండగా, నర్సమ్మ గారు కారు దాకా వచ్చి, పాప సీటును పట్టుకుని ఊపి చూశారు. "తాతగారూ, ఇది అంగుళం మించి కదలకూడదు. ఇదేమో ఉయ్యాలలా ఊగుతోంది. పంపను" అన్నారు. "నా ఒళ్ళో పెట్టుకుంటానమ్మా, ప్రాణం పోయినా వదలను" అన్నాను. "గట్టిగా బ్రేకు పడితే మీ చేతులు మీ మాట వినవండీ" అన్నారు. పాపను మళ్ళీ లోపలికి తీసుకెళ్ళిపోయారు. రేపు పది గంటలకు మళ్ళీ చూస్తారట.

2. సదరు సీటు ఊగుటకు బాధ్యుడను నేనే. కారు నాది, కవరూ నాదే. రెండంగుళాల స్పాంజి వేశాను. బెల్టు తగిలించే బకిళ్ళు నడుముకు గుచ్చుకుంటాయని లోపలికి నొక్కి, పైన రెగ్జిన్ కుట్టేశాను. బెల్టుకు దారి లేక అల్లుడు పాప సీటును నైలాన్ తాడుతో కట్టాడు. ఆసుపత్రి వాకిట్లోనే బ్లేడుతో కోసి చూస్తే, బకిళ్ళు కొన్ననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మా ఆవిడ తొంగి చూసి, "ఊరందరి బెల్టులూ పూడ్చిపెట్టి పనితనం అని మురిసిపోయారా ఇన్నాళ్ళూ?" అన్నది. అన్నది నిజమే.

3. పాప మొహం కారు వెనక్కి తిరిగి ఉండేలా పెట్టాలట. అలా పెడితే ముందు సీటు ముందుకు జరపవలసి వస్తున్నది. "మామయ్యా, బండి నడిపేది నేనా, నా మోకాళ్ళా?" అంటున్నాడు అల్లుడు. అతని ఎత్తు తగ్గించుట తమ పరిధిలోనిది కాదని తెలుసు. కనుక రేపు మా వియ్యపురాలు నడుపుతారు. ఆవిడ పొట్టి.

4. కావున రేపు తొమ్మిదింటికి తమ సిబ్బందిలో ఒకరు మా కారు వెనక సీటులోని పాప సీటును చేత్తో ఊపి చూసేలా ఆజ్ఞ ఇవ్వవలెను. తాడు తీసి బెల్టుతోనే కట్టి నేను చూశాను, బిగిసింది. కానీ నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది.

5. తనిఖీకి తమ ఆవరణలో వరసగా నిలబడే కార్ల పక్కన బ్లేడుతో, సూదితో నిలబడుటకు అనుమతి ఇవ్వవలెను. నా కుట్టు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఎన్ని కార్లకు కుట్టానో నాకే లెక్క లేదు. పిల్లలు ఎక్కే సీట్లయ్యా అవి.

దయచేసి ఈ మనవిని రేపటి లోపే చిత్తగించవలెను, ఎల్లుండి చూస్తే లాభం లేదు.

తమ విధేయుడు,
సీటు కవర్ల తాత (నిన్నటి నుంచి పెద్దమ్మాయి పాపకూ తాత)

మరొక్క మాట: ఈ కింది వారికి పాప సంగతి ఇంకా తెలియదు. తెలిస్తే పిల్లల్ని వెనక సీట్లో కుక్కుకుని వెంటనే బయల్దేరతారు. అందరి కవర్లూ నేను కుట్టినవే. ముందు కవరు సంగతి చెప్పి, తర్వాతే పాప సంగతి చెప్పాలి. నేను ఫోను చేస్తే నోరాగదు, పాపే ముందు వచ్చేస్తుంది. కనుక తమ ఆఫీసు నుంచే చెప్పించగలరు:

మా తమ్ముడు, మరదలు. మనవలు ముగ్గురు.
మా బావమరిది. కారు నాలుగు సీట్లది, ఎక్కేది ఏడుగురు.
మేనకోడలు. కడుపుతో ఉంది, మెల్లగా చెప్పాలి.
మా చిన్నమ్మాయి. దాని కొడుక్కి మూడేళ్ళు. బకిల్ గుచ్చుకుంటోందని వాడు ఏడిస్తే, రెండు పోగుల దారంతో గట్టిగా కుట్టేశాను. దీనికి మాత్రం నేనే చెబుతాను.