గొల్లకావడి నడిమి చుక్క

ఖాజా భాయ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. మగ్రిబ్ అజాన్ అయ్యి చీకటి పడ్డాక, అలంపూర్‌లో నీ ఎస్‌టీడీ బూత్ డాబా ఎక్కాను. గొల్లకావడి మూడు చుక్కల్లో నడిమిదాన్ని చూశాను.

"సూర్యుని కంటె శానా పెద్దది, శానా వేడి. దాని ఒంటి మీదికెల్లి గాలి ముద్దలు ముద్దలుగ లేస్తది. గందుకే వెలుగు ఒక్కతీరుగ ఉండదు," అనేవాడివి.

పదేళ్లు ఒకే నోటుబుక్కులో, చెరో గడిలో, దాని వెలుగుకు అంకె వేశాం. ఒకరిది చూస్తే ఇంకొకరి కన్ను మోసపోతుందని, అవతలి గడిని అరచేత్తో మూసి రాయాలన్నది నీ షరతు. తీరా చూస్తే నీ అంకె ఎప్పుడూ నాకంటే ఒక మెట్టు ఎక్కువే. "నీ కన్నే మసక," అనేవాడివి. నాకు ఒళ్లు మండేది.

ఇవాళ వెనక పేజీలు తిరగేశాను. నువ్వు పోయాక నేను వేసిన అంకెలన్నీ ఒక మెట్టు పెరిగాయి. ఒక్కటీ తప్పలేదు. చుక్కే వెలుగు పెంచిందో, నేను నీ కంటితో చూస్తున్నానో తేల్చాలంటే రెండో మనిషి కావాలి.

ఇవాళ్టి అంకె వేసేటప్పుడు, అలవాటు కొద్దీ నీ ఖాళీ గడిని అరచేత్తో మూశాను. చెయ్యి తీయాలంటే భయంగా ఉంది, భాయ్.