సంచిలో వరిగడ్డి

నాన్నా,

రేపు మా స్కూలు పిల్లల్ని కొండ ఎక్కించడానికి తీసుకువెళ్తున్నాం. రాత్రి బస అక్కడే. బ్యాగు ఎలా సర్దుకోవాలో ఇవాళ నేనే చూపించాను. దుప్పటి అడుగున పెట్టాలి. బరువైనవి వీపుకు ఆనేలా మధ్యలో ఉండాలి. నీళ్ళు, టార్చి చేతికందాలి. ఖాళీల్లో బట్టలు కుక్కితే ఏదీ కదలదు.

"ఇదంతా మీకెవరు నేర్పారండీ?" అని ఒక అమ్మాయి అడిగింది.

"మా నాన్న. ముసునూరు తోటల్లో మామిడికాయలు పెట్టెల్లో సర్దేవాడు" అన్నాను. ఇన్నేళ్ళకు ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూడు.

కాలేజీలో నా మొదటి ట్రెక్కుకు బ్యాగు నువ్వే సర్దావు. పచ్చడి సీసా పగలకుండా చుట్టూ వరిగడ్డి పెట్టావు. నూజివీడు బస్టాండులో బ్యాగు తెరిస్తే గడ్డి రాలింది.

"ఏంటే, కాయలు మగ్గబెడుతున్నావా?" అని స్నేహితురాళ్ళు నవ్వారు.

నువ్వు రెండడుగుల దూరంలోనే ఉన్నావు. "మా తోటలో పాలేరు సర్దాడే" అన్నాను. మనకు తోట ఎక్కడిది నాన్నా?

నువ్వు కిందపడిన గడ్డి ఏరి, బ్యాగు నా చేతికిచ్చి, "జాగ్రత్తగా వెళ్ళి రండమ్మా" అన్నావు. కన్నకూతురిని 'రండి' అన్నావు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చావు. వాళ్ళంతా వెళ్ళిపోయేదాకా టీ కొట్టు వెనక నిలబడ్డావు. తప్పయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు బతికున్నన్నాళ్ళూ రాలేదు. నువ్వు మాత్రం బ్యాగు అందుకుని ఒక్కటే అడిగావు.

"ఏమీ నలగలేదుగా, తల్లీ?"

లేదన్నాను.