నాలుక మీద రెండు కాగితాలు

డాక్టరమ్మా,

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్లో మాట్లాడేది నువ్వు, ఊఁ కొట్టేది నేను. కాగితమైతే మధ్యలో అడ్డం రాదు. అందుకని ఈ ఆదివారం మధ్యాహ్నం స్టవ్ మీద కూర పడేసి, వంటింటి బల్ల దగ్గరే కూర్చున్నాను. నువ్వు అక్కడ ఆసుపత్రి వాళ్ళిచ్చిన గదిలో కిటికీ పక్కన కూర్చుని చదువుకో. పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నాకు కుళ్ళుగా ఉంది. అసూయ అని మర్యాదగా రాద్దామనుకున్నాను గానీ, ఆ మాటకు ఇస్త్రీ చేసినట్టుంటుంది. నాది నలిగిన కుళ్ళు. ఎవరి మీద అంటే, నీ బుజ్జిదాని మీద.

పిల్లల మూర్ఛను ఆపడానికి నువ్వు కనిపెట్టిన ఆ తెల్లపొడికి ల్యాబులో ఒక నంబరుంది. అందరూ ఆ నంబరుతోనే పిలుస్తారు. నువ్వు మాత్రం బుజ్జిది అంటావు. "ఇవాళ బుజ్జిది ఎంత చక్కగా కరిగిందో తెలుసా?" "బుజ్జిదానికి వేడి పడదు." అన్నం ముందు కూర్చున్నా అదే, దుప్పటి కప్పుకున్నా అదే. పెళ్ళయిన కొత్తలో కూడా నన్ను ఒక్కసారి బుజ్జీ అనలేదు నువ్వు.

సరే, అది ఇంటి గొడవ, దులిపేసుకునేవాణ్ణి. పోయిన నెల మీటింగు మాత్రం దులుపుకుంటే పోవడం లేదు. బుజ్జిదాన్ని పరీక్షిస్తున్న వార్డులో పిల్లలు మందు కక్కేస్తున్నారు, ఏం చేద్దామని మన ల్యాబు పెద్దాయన అడిగాడు. నేను లేచి, "చేదు భరించలేకుండా ఉంది సార్, పూత ఇంకా కుదరలేదు" అన్నాను. నువ్వు కుర్చీలోంచి లేవకుండానే అన్నావు: "నేను స్వయంగా నాలుక మీద వేసుకుని చూశాను. చేదేమీ లేదు. పిల్లలన్నాక మందంటే మారాం చేస్తారు. రుచి వాళ్ళు కాస్త అతి చేస్తున్నారు."

అందరూ నవ్వారు. మిషన్లు బాగుచేసే మెకానిక్ కూడా నవ్వాడు. రుచి వాళ్ళు అంటే ఎవరు? ఆ విభాగంలో ఉన్నది నేనూ, నా కింద పనిచేసే ఒక అమ్మాయీ. నీ పొడిని నోట్లో వేసుకుని, పుక్కిలించి, ఉమ్మి, మళ్ళీ వేసుకుని, సాయంత్రానికి నాలుక మొద్దుబారి ఇంటికొచ్చి నీకు వండిపెట్టేవాణ్ణి నేను. నువ్వు కనిపెడితే శాస్త్రం, నేను కనిపెడితే వంట. మన కంపెనీ పత్రికలో నీ ఫొటో వేసి వ్యాసం రాశారు కదా, దాని చివర అందరికీ కృతజ్ఞతలు చెప్పావు. మెకానిక్‌కు చెప్పావు. ఎలుకలకు కూడా చెప్పావు. ఆ పేజీ రెండువైపులా తిప్పి చూశాను, నా పేరు లేదు. ఎలుకల తర్వాతైనా చోటు దొరకలేదు నాకు.

ఇప్పుడు రాయబోయేది ఎవరికీ తెలియదు. నీ పొడిలో గింజ గింజకూ నేను పూత పూశానని తెలుసు కదా, చిన్న చిన్న చొక్కాలు తొడిగినట్టు. పాకంలో కలిపితే తెల్లారేసరికి చొక్కాలన్నీ కరిగిపోయి చేదు బయటపడుతోంది. ఇన్నాళ్ళూ ఇంకా మందంగా పూస్తూ కూర్చున్నాను. ఈమధ్య ఒకరోజు చెయ్యి కడుక్కుంటుంటే తట్టింది. అసలు ముందే ఎందుకు కలపాలి? పొడిని పొట్లంలో ఉంచి, పాకాన్ని సీసాలో ఉంచి, తాగించే ముందు చెంచాలో కలిపితే చాలు. గొంతు దిగేదాకా చొక్కా చెక్కుచెదరదు. నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆగి చూశాను. చేదు లేదు. నువ్వు మీటింగులో చెప్పిన "లేదు" కాదు, నిజంగా లేదు.

ఆ పొట్లాలు నా సొరుగులో ఉన్నాయి. తాళం వేశాను. పెద్దాయనకు చెప్పలేదు, నీకు చెప్పలేదు. చెబితే నీ బుజ్జిది గెలుస్తుంది, నేను మళ్ళీ పత్రికలో నా పేరు వెతుక్కోవాలి. నెలాఖరుకల్లా పిల్లలు మందు తాగకపోతే వార్డులో పరీక్ష ఆపేస్తామని పెద్దాయన అన్నాడు. అది తెలిసే తాళం వేశాను. నువ్వు ఫోన్లో చెప్పే ఆ పిల్ల, మందు నోట్లో పొయ్యగానే ఎదురుగా ఉన్న డాక్టరు కోటు మీదికి పేల్చే ఫిరంగి, దానికి నిన్న మళ్ళీ మూర్ఛ వచ్చిందన్నావు. అయినా సొరుగు తియ్యలేదు. కుళ్ళంటే ఇలా ఉంటుంది డాక్టరమ్మా, నువ్వెప్పుడూ చూసి ఉండవు.

టూత్‌పేస్టు కంపెనీ వాళ్ళు వచ్చే నెల ఒకటో తారీకున ఉద్యోగంలో చేరమన్నారు. చేరిపోదామనుకుంటున్నాను. అక్కడ రుచే శాస్త్రం. పొద్దున్నే జనం నా పని నోట్లో పెట్టుకుంటారు, ఎలుకలకు అందులో వాటా ఉండదు.

ఇంత ఉక్రోషంలోనూ నాకొక ఊరట ఉంది. ఇంట్లో నేనేం వండినా, అడుగంటినా, మసిబొగ్గయినా, ఒక్క వంక పెట్టకుండా తింటావు. మా అమ్మ కూడా అలా తినలేదు. నీకు నా మీద ప్రేముందనడానికి నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

రాస్తుండగానే వాసన వస్తోంది. కూర మాడింది. ఉంటాను.

ఇట్లు,
డాక్టరమ్మ గారి భర్త
(గేటు దగ్గర కాపలావాడి నుంచి అందరూ పిలిచే పేరు ఇదే కదా)


ఏమోయ్,

నా ఉత్తరం చేరిందని తెలుసు. ఫోన్లో దాని ఊసెత్తకుండా వాన గురించి మాట్లాడావు. నేనూ వాన గురించే మాట్లాడాను. ఇప్పుడు ఇంకో సంగతి తేలింది. ఇదీ కాగితం మీదే చెప్పాలి.

రుచి చూడ్డానికి కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు మేము ముందు నాలుక పరీక్ష చేస్తాం. ఒక చేదు మందులో ముంచి ఆరబెట్టిన కాగితపు ముక్క నాలుక మీద పెడతాం. మొన్న ఐదారుగురు వచ్చారు. పెట్టీ పెట్టగానే అందరూ మొహాలు వికారంగా పెట్టి సింకు దగ్గరికి పరిగెత్తారు. గోదాము గుమస్తా ఒక్కడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కాసేపాగి, "చేదుది ఇంకా ఎప్పుడిస్తారండీ?" అన్నాడు.

మా పనిలో ఇది కొత్త సంగతేం కాదు. కొందరికి ఒక జాతి చేదు పుట్టుకతోనే తెలియదు. రంగు తెలియని కళ్ళున్నట్టే, ఆ చేదు తెలియని నాలుకలుంటాయి. నీ బుజ్జిది సరిగ్గా ఆ జాతిదే. గుమస్తాను పంపించేశాక చేతిలో మిగిలిన కాగితం వంక చూస్తూ కూర్చున్నాను. నీ మాట గుర్తొచ్చింది. "నేను స్వయంగా నాలుక మీద వేసుకుని చూశాను. చేదేమీ లేదు."

దీపం కింద చీకటి. ఊళ్ళోవాళ్ళ నాలుకలన్నీ పరీక్షించాను, మనింటి నాలుకను వదిలేశాను. నువ్వు నన్ను చులకన చెయ్యలేదు. నీకు తోచిన నిజమే చెప్పావు. గట్టిగా నవ్వాను. నా కింద పనిచేసే అమ్మాయి తలుపు తీసి చూసి, మళ్ళీ వేసేసింది.

నవ్వయ్యాక తాళంచెవి కోసం జేబు తడుముకున్నాను. నీ మీద కోపంతో వేసిన తాళం కదా, ఆ కోపానికి కాళ్ళు విరిగాక తాళమెందుకు? పొట్లాలు, పాకం పట్టుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన చెంచా నోట్లో పెట్టుకుని, తుమ్ము రాబోయేవాడిలా మొహం ముడుచుకుని చేదు కోసం ఎదురుచూశాడు. రాలేదు. "ఇంతకాలం ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు. కుళ్ళుతున్నాను సార్ అనలేక, పరీక్షిస్తున్నాను సార్ అన్నాను. ఆసుపత్రి కమిటీ ఒప్పుకోవాలి, ఆ కాగితాలు నడుస్తున్నాయి. అందాకా పరీక్ష ఆపడం లేదు.

ఇక్కడితో నేను సంతోషించాలి. కానీ ఇంటికొచ్చి గిన్నె తోముతుంటే చెయ్యి ఆగిపోయింది. నీకు చేదే తెలియకపోతే మరి నా కూరల మాటేమిటి? ఇన్నేళ్ళూ నువ్వు వంక పెట్టకుండా తిన్నది నా మీద ప్రేమతో కాదు, తెలియక. ఆ ఒక్క సాక్ష్యమూ పోయింది. బుజ్జిదాని మీద కుళ్ళు పోయిందనుకుంటే, ఇప్పుడు నీ నాలుక మీద పట్టుకుంది. హాయిగా ఏదీ తెలియకుండా తిరుగుతోంది కదా అది.

ఉత్తరంలో రెండు కాగితపు ముక్కలు పెట్టాను. ఒకటి ఉత్తది, ఒకటి చేదుది. నాలుక మీద పెట్టుకుని ఏది ఏదో చెప్పు. నా అనుమానం తప్పయితే బాగుండునని ఉంది, నిజమైనా బాగుండునని ఉంది. టూత్‌పేస్టు వాళ్ళ కాగితం జేబులోనే ఉంది. సంతకం పెట్టలేదు, చింపలేదు.

ఇట్లు,
అడుగంటిన వంటవాడు


నాలుకాయనా,

ఫోన్ చేసినప్పుడల్లా కాగితాల సంగతేమైందని నసుగుతున్నావు. నేను దాటేస్తూనే ఉన్నాను. ఉత్తరంలో అడిగావు, ఉత్తరంలోనే చెబుతాను. ఊఁ కొట్టే వంతు ఇప్పుడు నీది.

మొదటి ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. కాగితం. రెండోది పెట్టుకున్నాను. అదీ కాగితమే. నువ్వు ఆటపట్టిస్తున్నావనుకుని రెండో ముక్కలో సగం చింపి వార్డు నర్సమ్మకిచ్చాను. ఆవిడ నోరు కడుక్కుని వచ్చి, "నేనేం పాపం చేశానండీ మీకు?" అంది.

నిన్ను అన్న మాట తర్వాత గుర్తొచ్చింది, ముందు గుర్తొచ్చింది ఫిరంగి వాళ్ళమ్మ. గారాబం చేసి చెడగొట్టారని ఆవిణ్ణి అందరి ముందూ కసిరాను. వెళ్ళి తప్పయిందని చెప్పాను. ఆవిడ దుప్పటి మడతపెడుతూనే, "చేదని మొదటిరోజే చెప్పాం కదమ్మా" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

ఆ వారం మీటింగులో, ఫోన్లో మన వాళ్ళందరూ ఉండగా చెప్పాను. నాకు ఆ చేదు తెలియదు, పిల్లలు చెప్పింది నిజం, మా ఆయన చెప్పింది నిజం, అతి చేసింది నేను అని. నువ్వు ఆ రోజు కమిటీకి పంపే కాగితాలు టైపు చేయించడానికి వెళ్ళావట, వినలేదు. నువ్వు లేనప్పుడే చెప్పాల్సి వచ్చిందని నాకు బాధగానే ఉంది. మెకానిక్ మళ్ళీ నవ్వాడట. పోనీలే, ఈసారి నన్ను చూసి.

ఇక ఫిరంగి. కమిటీ ఒప్పుకున్న మర్నాడు నీ పొట్లం విప్పి చెంచాలో కలిపాను. నర్సమ్మ తలుపు చాటుకు తప్పుకుంది. నేను కోటుకు ట్రే అడ్డం పెట్టుకున్నాను. పిల్ల బుగ్గల నిండా పట్టుకుని, మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, గుటుక్కున మింగింది. నోరు తెరిచి చూపించింది కూడా.

"ఇదెవరు చేశారు?" అంది.

"మా ఆయన" అన్నాను.

"మరి నువ్వేం చేశావు?"

"లోపలున్న మందు నేనే చేశాను."

"అది చేదు కదా" అని అటు తిరిగి పడుకుంది.

చూశావా దాని పొగరు! నా ఇన్నేళ్ళ చదువు, నా బుజ్జిది, అన్నీ పోయి పోయి ఆ ఒక్క మాటలో పడ్డాయి. అప్పట్నుంచీ రోజూ మందు వేళకు, "సిరప్పాయన ఎప్పుడొస్తాడు?" అని అడుగుతుంది. నేను ఎదురుగా చెంచా పట్టుకుని నిలబడితే నన్నెవరూ అడగరు. ఒళ్ళు మండిపోయింది. మొహం తిప్పుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నీ కుళ్ళు నేనెప్పుడూ చూసి ఉండనన్నావు కదా, ఇప్పుడు చూశాను. లోపలి నుంచే చూశాను. సొరుగుకు తాళం వెయ్యడం తప్పే. దాని గురించి ఇంటికొచ్చాక వేరే పోట్లాడతాను. కానీ ఎందుకు వేశావో మాత్రం అర్థమైంది.

ఈ వారం దానికి మూర్ఛ రాలేదు. ఇప్పుడే ఏదీ తేల్చి చెప్పలేం. అయినా వాళ్ళమ్మ నిన్న కుర్చీలో కూర్చునే నిద్రపోయింది, పిల్లను కాపలా కాయకుండా.

ఇప్పుడు నీ ఏడుపు సంగతికొస్తాను. నీ కాగితం చేదు ఒక జాతిది. మాడిన కూర చేదు వేరే జాతిది. చేదుల్లో జాతులుంటాయని పెళ్ళికి ముందు నాకు గంటసేపు పాఠం చెప్పింది నువ్వే, ఉక్రోషంలో నీ శాస్త్రం నువ్వే మర్చిపోయావు. అనుమానం తీరాలని క్యాంటీన్లో ఒక రొట్టెముక్కను కావాలని మాడ్పించుకుని తిన్నాను. ఛీ! నిక్షేపంగా తెలిసింది. వంటవాడు నాకు పిచ్చెక్కిందనుకున్నాడు.

అదీగాక, మహానుభావా, నాకు ముక్కుంది. నువ్వు కూర మాడ్చావంటే మన వీధి మలుపు తిరగ్గానే నాకు తెలుస్తుంది. తెలిసే మెట్లెక్కుతాను. చేతులు కడుక్కుని, తెలిసే కంచం ముందు కూర్చుంటాను. ఇన్నేళ్ళూ నేను వంక పెట్టకుండా తిన్నది నాలుకతో కాదు. ఇంకెలా తిన్నానో నీకు కాగితం మీద రాసివ్వాలా?

కొత్త వ్యాసం రాసి పంపాను. అందులో నీ పేరు నా పేరు పక్కనే ఉంది. ఎలుకలు మనిద్దరి కిందా ఉన్నాయి. టూత్‌పేస్టు మీద నిజంగా మనసుంటే వెళ్ళు, నేనేం అడ్డుపడను. ఎలుకలకు భయపడి మాత్రం వెళ్ళకు. నా దగ్గర ఇంకో పొడి తయారవుతోంది. నా నాలుకకు బ్రహ్మాండంగా ఉంది, కాబట్టి ఎంత చేదో నువ్వే చెప్పాలి. దానికి పేరు కూడా పెట్టలేదు. బుజ్జి అనే పేరు ఇకనుంచి వేరొకరికి ఇద్దామనుకుంటున్నాను.

శనివారం వస్తున్నాను. ఏదో ఒకటి వండు. స్టవ్ మీద పెట్టి ఉత్తరాలు రాస్తూ కూర్చోకు.

ఇట్లు,
సిరప్పాయన గారి భార్య
(వార్డులో అందరూ ఇప్పుడు నన్ను అలాగే పిలుస్తున్నారు. నాకేమీ కుళ్ళు లేదు)