కత్తిరించి పారేసిన సాగనంపు

అన్న మునిరత్నానికి, చెల్లెలు గౌరి దండాలు పెట్టి రాసుకుంటున్నది. ధర్మపురిలో నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. నువ్వు, వదిన, పిల్లలు కులాసానా? నీ భుజం నొప్పి తగ్గిందా? పంబ డోళ్లను నడుముకు కట్టుకునేటప్పుడు ఆ పక్క బరువు పడకుండా చూసుకో. ఫోను ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోనులో అయితే నాకు ఏడుపొస్తుంది, నీకు కోపమొస్తుంది, ఎవరో ఒకరం మధ్యలో పెట్టేస్తాం. ఇది చివరిదాకా చదువు. ఆ తర్వాత ఎంతైనా తిట్టు.

ఇక్కడ ఆడి నెల, అదే వీళ్ల ఆషాఢం, ఆ గాలి మొదలైంది. తలుపులు కొట్టుకుంటూనే ఉంటాయి, మైకు పెడితే మనుషులకన్నా ముందు గాలే పాడుతుంది. నేను పాటలు కట్టడం నేర్చుకుంటున్న స్టూడియో యజమాని వరదన్న వాళ్ల ఇంట్లోనే, వెనక గదిలో ఉంటున్నాను. తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు, కింద బట్టల కొట్టు, పైన స్టూడియో. నేనిది రాస్తుంటే ఆయన తల్లి రాజమ్మత్త పక్కనే కూర్చుంది. "మాట మాదే, ఎళుత్తు మాత్రం మాకు తెలీదు పోమ్మా" అని అక్షరాలను వేలితో తడుముతోంది. మన సంగటినే వీళ్లు కళి అంటారు. కడుపుకు లోటు లేదు. సాయంత్రమైతే మాత్రం మన వాకిలి గుర్తొచ్చి ఏమీ తోచదు.

ఆ పెట్టెలో ఏముందే అని నువ్వు ఎగతాళి చేసేవాడివి కదా, చెబుతాను విను. ఒక కంప్యూటరు. మైకులో పడిన శబ్దాన్ని దానికి అందించే చిన్న డబ్బా, దాన్ని సౌండ్ కార్డు అంటారు. చదరపు గళ్లున్న ఒక పలక, దాని పేరు ప్యాడు. ఒక్కో గడిలో ఒక్కో దెబ్బ దాచుకోవచ్చు. వేలితో మెల్లగా తడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా పలుకుతుంది. వరదన్న ఓపికగా నేర్పిస్తాడు. గది గోడలకు బొంతలు వేలాడదీస్తే గొంతు మారుమోగదు. రెండు శబ్దాలు కొట్లాడుకుంటుంటే ఒకదాన్ని పెంచకూడదు, రెండోదాన్ని తగ్గించాలి. పాట పూర్తయ్యాక చవక ఫోనులో కూడా విని చూడాలి, జనం వినేది అందులోనే. దెబ్బలన్నిటినీ మిషను చేత వరుసగా సర్దించవద్దు, వెంట్రుకవాసి తేడా లేకపోతే ఆడేవాళ్ల కాలు లేవదు అంటాడు. నాయన ఉన్నప్పుడు నీకు చెప్పింది కూడా ఇదే కదా అని నవ్వుకున్నాను.

ఆయన చెప్పింది ఇంకొకటి ఉంది. మంచి ముక్క ఒకటి చూసుకో, మిగతాది కత్తిరించు, ఆ ముక్కనే తిప్పి తిప్పి వాడుకో. దాన్ని లూప్ అంటారు. అన్నా, నన్ను ముంచింది ఇదే.

నేను బయల్దేరే ముందు వాకిట్లో కూర్చుని నువ్వు పంబ వాయించావు, నేను రికార్డు చేసుకున్నాను. "నన్ను పెట్టెలో పెట్టుకోని పోతావా? సరే, ఎత్తుకుంటే పూర్తిగా ఎత్తుకో" అన్నావు. అమ్మవారిని పిలిచే పిలుపు దగ్గర్నుంచి మళ్లీ పంపించే సాగనంపు దాకా అంతా వాయించావు. ఇక్కడికొచ్చాక పిలుపు ముక్క నా ప్రాణానికి అంత బాగా అనిపించింది. దాన్ని కత్తిరించి, కొన్ని విడి దెబ్బలు ప్యాడులో పెట్టుకుని, కీబోర్డు జతచేసి పాట కట్టాను. మిగిలిందంతా, సాగనంపుతో సహా, చోటు చాలడం లేదని తుడిచేశాను.

కారిమంగళం అవతల ఒక ఊళ్లో మారియమ్మకు అంబలి పోశారు. పంబ వాయించే పెద్దాయన పోయాక అక్కడ వాయించేవాళ్లు లేరట, అందుకే మా పాట అడిగారు. మిట్టమధ్యాహ్నం గుడి ముందు స్పీకరు పెట్టెలు పెట్టి పాట వేశాం. ఒకావిడకు, వదిన వయసుంటుంది, పూనకం వచ్చింది. మన దగ్గరైతే అమ్మవారు వస్తుంది, అడిగిందానికి చెబుతుంది, సాగనంపు వినగానే వెళ్లిపోతుంది. ఇక్కడ లూప్ తిరుగుతూనే ఉంది. పిలుపు మీద పిలుపు. ఆవిడ పళ్లు గిట్టకరిచింది, కళ్లు తేలేసింది. వరదన్న భయపడి పాట ఆపేశాడు. పాట ఆగింది కానీ ఆవిడ ఆగలేదు. నిమ్మకాయలు కోశారు, వేపాకు విసిరారు, కర్పూరం మింగించారు. ఆ ఊరి పెద్ద, తెలుగాయనే, మా దగ్గరికొచ్చి "పిలిచినారు, సరి. మలై ఎక్కించే దెబ్బ ఏది?" అన్నాడు. సాగనంపడాన్ని ఇక్కడ అలా, కొండ ఎక్కించడం అంటారు.

నీకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఇక దారి లేక వెంట తెచ్చుకున్న ప్యాడు మీద వేళ్లు పెట్టాను. మన ఇంట్లో ఆడవాళ్లు పంబ ముట్టరు, తలుపు వెనక నిలబడి విన్నదే నా చదువు. దెబ్బలు నీవే, వేళ్లు మాత్రం నావి. ఆవిడ ముఖంలోకి చూస్తూ, నాయన తగ్గించినట్టే జోరు తగ్గించుకుంటూ వచ్చాను. చివర్లో పంబ ఎడమ పక్కను గుమ్మనిపించి వదిలేస్తారే, అది ఒకసారో రెండుసార్లో గుర్తు రాలేదు. ఒకసారే అనిపించాను. ఆవిడ మెల్లగా నేల మీద కూర్చుని నీళ్లడిగింది. కాసేపటికి "వాయించింది ఎవరమ్మా?" అని నన్ను పిలిపించి, నా చేతులు కళ్లకు అద్దుకుంది.

తిరిగొచ్చాక ఆ లూప్ కావాలని ఇంకో రెండు ఊళ్లవాళ్లు అడిగారు. నేను ఇవ్వనన్నాను. వరదన్నకు కోపమొచ్చింది.

"కరెంటు తీస్తే పాట నిలిచిపోతాది, అంతే కదమ్మా! ఇంత యోచన ఏమిటికి?"

"ఆవిడ నిలవలేదు కదా అన్నా" అన్నాను.

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. పొద్దున అన్నం దగ్గర "మీ అన్నను అడుగు. ఆయన సరి అంటేనే ఇస్తాము" అన్నాడు. నీ మాట కోసం పాట ఆపి పెట్టాం.

సాగనంపు మళ్లీ వాయించి పంపించమని అడగడం లేదు. పంపితే పాట చివర అతికించగలను. కానీ అమ్మవారికి ఇంకాస్త సేపు ఉండాలనిపిస్తే రికార్డు కాచుకోదు, అది ఎవరి ముఖమూ చూడదు. ప్యాడు దగ్గర మనిషి ఉండాలి. అది నేనే. నాకు నేర్పించు. ముట్టింది పంబను కాదు, ప్యాడునే కదా అని తప్పించుకోను. నేను వాయించాను. పిలిచినవాళ్లే సాగనంపాలని నాయన పెట్టిన నియమం. ఇక్కడ పిలిచింది నేనే కదా?

భుజం నయమయ్యాక ఒక ఆదివారం బస్సెక్కి రా, రాజమ్మత్త కళి చేసి పెడతానంది. వదిన చేసే శెనగవిత్తుల పొడి కాస్త తీసుకురా. పిల్లలకు నా ముద్దులు, మన వీధిలో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. నాయన పటం ముందు దీపం పెట్టేటప్పుడు నన్నూ తలుచుకో. నన్ను దీవించు.

వచ్చినా రాకపోయినా ఒక్క మాట మాత్రం వెంటనే చెప్పు. ఆ చివర గుమ్మనిపించేది ఒకసారా, రెండుసార్లా? రెండుసార్లయితే, నేను పంపించిన అమ్మవారు ఇంకా దారి మధ్యలోనే నిలబడి ఉందేమోనని నాకు అన్నం సయించడం లేదు.

నీ దీవెన కోసం కాచుకున్న
చెల్లెలు గౌరి