అత్తయ్యగారికి చల్లగాలి

నల్లగండ్ల

మహారాజశ్రీ బావగారు రామచంద్రం గారికి భీమేశ్వరరావు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, మా కారు తప్ప.

ఫోనులో చెబితే మాట గాలికి పోతుంది, వాట్సాప్‌లో పెడితే రెండువైపుల చుట్టాలూ చదువుతారు. అందుకని కాగితం పట్టాను. మా అబ్బాయి శ్యామ్‌కీ మీ అమ్మాయి యశస్వినికీ సంబంధం కుదిరింది కదా అని, ఆదివారం మీ అమ్మగారిని పెళ్లికి మాట్లాడిన ఫంక్షన్ హాలు చూపించడానికి నా కారులో తీసుకెళ్లాను. పెద్దావిడని ముందు సీట్లో కూర్చోబెట్టాను. హఫీజ్‌పేట్‌లో చల్లగా బయలుదేరిన ఏసీ, కొత్తగూడ సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి వేడిగాలి కొట్టడం మొదలెట్టింది. వెనక సీట్లో మా ఆవిడ అమ్మణ్ణి పట్టుచీర తడిసి ముద్దయింది. నేను సిగ్నల్ సిగ్నల్‌కీ "చల్లగా ఉందా అత్తయ్యగారూ?" అని అడుగుతుంటే, ఆవిడ "మంచిగున్నది బిడ్డా" అన్నారే గాని పల్లెత్తు మాట అనలేదు. ఆ మంచితనానికి నాకు తల కొట్టేసినట్టయింది.

ఏసీ బాగుచేయించి, పెళ్లికి ఆవిణ్ణి ఈ కారులోనే చల్లగా తీసుకొస్తాను. ఇది నా మాట.

ఇట్లు,
తలవంచుకున్న మీ బావ,
భీమేశ్వరరావు

తా.క. ఉత్తరం శ్యామ్‌తో పంపుతున్నాను. ఇచ్చి వెంటనే రమ్మన్నాను. వస్తాడని నమ్మకం లేదు.

*

హఫీజ్‌పేట్

గౌరవనీయులైన బావగారికి రామచంద్రం నమస్తే చెప్పి రాసేది. మీ ఉత్తరం చదివి ఇంటిల్లిపాదీ నవ్వుకున్నం. ఏసీ గురించి ఇంత ఫికర్ ఎందుకు? మా అమ్మ మిట్టమధ్యాహ్నం ఎండలో పొలం చేసిన మనిషి. పెళ్లినాడు ఆమెను మా కారులో మేమే తీసుకొస్తాం. మీరు జర నిమ్మళంగా ఉండండి.

ఇట్లు,
మీ మేలు కోరే రామచంద్రం

తా.క. శ్యామ్ పొద్దుగాల్నే ఉత్తరం ఇచ్చి పోతనన్నడు. అన్నం తిన్నడు, చాయ్ తాగిండు, ఇంకా పోతనే ఉన్నడు.

*

నల్లగండ్ల

బావగారికి నమస్కారం. మీ కారులో మీరే తీసుకొస్తామన్నారు. అంటే నా కారుకి ఆ యోగ్యత లేదనేగా? పరవాలేదు, పడతాను. కానీ పట్టు వదలను.

లింగంపల్లిలో గిరీష్ అనే మెకానిక్ ఉన్నాడు. గ్యాస్ నింపాడు, ఫిల్టరు మార్చాడు. అమ్మణ్ణిని ఎక్కించుకుని గచ్చిబౌలి దాకా వెళ్లొచ్చాను. చలికి దారంతా తుమ్ముతూనే ఉంది. ఆ ధైర్యంతో నిన్న అత్తయ్యగారిని గాజుల కొట్టుకు తీసుకెళ్లాను. మళ్లీ అదే సిగ్నల్, అదే వేడిగాలి! మళ్లీ గిరీష్ దగ్గరికి పరిగెత్తాను. "బండిలో ఏ లోపమూ లేదు సార్. వేడిగాలి వచ్చినప్పుడు ముందు సీట్లో ఎవరు కూర్చున్నారు?" అన్నాడు. రెండుసార్లూ మా అత్తయ్యగారే అని చెప్పాను. అదోలా తల ఊపాడు.

ఇట్లు,
ఓటమి ఒప్పుకోని భీమేశ్వరరావు

తా.క. ఏసీ బాగయ్యేదాకా గడ్డం గీయనని మొక్కుకున్నాను. అమ్మణ్ణి పెళ్లి ఫొటోల గురించి బెంగపెట్టుకుంది.

*

హఫీజ్‌పేట్

భీమేశ్వరరావు గారికి.

ముందు సీట్లో ఎవరు కూర్చున్నరని మెకానిక్ అడిగిండా? దానికి మీరు మా అమ్మ పేరు చెప్పిండ్రా? ఆమె కూర్చుంటే కారు ఖరాబైతదనేనా దీని అర్థం? మా నాయన పోయిన సంది ఎవరైనా మా అమ్మను ఎదురు రావద్దంటే, ఆ గడప నేను మళ్లీ తొక్కలేదు. మీరు చదువుకున్నోళ్లు, గిట్ల అంటరనుకోలే. శుక్రవారం లగ్నపత్రిక రాసుకోవాలి కదా. మీ జవాబు చూసినంకనే పంతులును పిలుస్త.

ఇట్లు,
సత్తెమ్మ కొడుకు రామచంద్రం

తా.క. ఈసారి శ్యామ్‌కు చాయ్ పోయలే. మంచినీళ్లు ఇచ్చినం, అదీ ఎండలు ముదిరినయని.

*

నల్లగండ్ల

బావగారికి పాదాభివందనాలు.

ఎంతమాట అన్నారండీ! మెకానిక్ మాట ఉన్నదున్నట్టు రాశాను, అంతే. నా మనసులో ఆ పాడు ఆలోచన ఉంటే నా కళ్లు పోవాలి. చేతల్లో చూపిస్తాను. కంప్రెసర్ కొత్తది వేయించాను. వేడికీ చలికీ తిప్పే నాబ్ ఉంటుంది చూశారూ, దాన్ని చలి వైపు ఆఖరిదాకా తిప్పి, ఊడబీకించి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇక ఆ కారులో దేవుడు దిగివచ్చినా వేడిగాలి రాదు. శుక్రవారం పొద్దున్నే వస్తాను. లగ్నపత్రిక రాసేచోటికి అత్తయ్యగారే నా కారులో అందరికంటే ముందు ఎక్కాలి. ముందు ఔటర్ రింగురోడ్డు మీద శంషాబాద్ దాకా తిప్పి, ఆవిడ నోటితో చల్లగా ఉందనిపించి అప్పుడు తీసుకొస్తాను.

ఇట్లు,
మీ సంబంధం వదులుకోలేని భీమేశ్వరరావు

తా.క. పరీక్ష కోసం అమ్మణ్ణిని గంటసేపు కారులో కూర్చోబెట్టాను. జలుబు చేసి పడుకుంది. ఏసీ బ్రహ్మాండంగా ఉంది.

*

హఫీజ్‌పేట్

భీమేశ్వరరావు బిడ్డకు సత్తెమ్మ దీవెనలు. నేను చెప్తుంటే నా మనుమరాలు యశస్విని రాస్తున్నది. నవ్వుకుంట రాస్తున్నది, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

బిడ్డా, శంషాబాద్ దాకా అన్నవంట. నాకు గుండె ఆగినంత పనయింది. మీ కారు మంచిగనే ఉన్నది. ఆ నాబ్‌ను ఎర్ర దిక్కు తిప్పింది నేనే. నువ్వు రోడ్డు తప్ప ఇంకేం చూడవు గదా, సిగ్నల్ కాడ మెల్లగ తిప్పిన. దిగేటప్పుడు మళ్ల నీలం దిక్కు తిప్పి పెట్టిన. సల్లగాలి తాకితే నా మోకాళ్లు పీక్కపోతయి బిడ్డా.

మరి ఎందుకు చెప్పలేదంటవు. మా ఆయన పోయిన సంది పెండ్లి పనుల్ల నన్ను ఎవ్వరు ముందట కూసోబెట్టలే. యాడికి పోయినా ఎనక సీటే, మూటల నడుమ. నువ్వు తలుపు తీసి, "రండి అత్తయ్యగారూ" అని ముందట కూసోబెట్టినవ్. కాళ్ల నొప్పులని చెప్తే మళ్ల ఎనకకు పంపుతవేమోనని భయపడ్డ. నా మూలంగ పిల్లల లగ్గం ఆగేదాకా వస్తదనుకోలే. నన్ను మాఫ్ చెయ్యి. రామచంద్రానికి నేను చెప్పిన. బుద్ధి తెచ్చుకోని పంతులును పిలవపోయిండు.

శుక్రవారం రా. నాబ్ పట్టుకరా. ముందు సీట్లనే కూసుంట, అద్దాలు దించుకోని పోదాం.

ఇట్లు,
మీ అత్తయ్య సత్తెమ్మ

తా.క. రామచంద్రం కారుల సుత గిదే పని చేస్తుంట. పాపం, ఎండకాలం వస్తే చాలు గ్యాస్ నింపిచ్చుకుంట తిరుగుతడు. అది మాత్రం వానికి ఇంకా చెప్పలే. నువ్వు సుత చెప్పకు.